చెమ్మగిల్లిన గోడలు - చేజారిన పడకలు
ఉస్మానియా పాత భవనం పల్లెలకు నేర్పుతున్న పాఠం

నయాపూల్: మూసీ మీది ఈ వంతెనపై నిలబడి చూస్తే రెండు గట్ల మీద రెండు పెద్ద గుమ్మటాల కట్టడాలు కనిపిస్తాయి. ఉత్తరపు గట్టున ఉస్మానియా ఆస్పత్రి, దక్షిణపు గట్టున హైకోర్టు. పల్లెల నుంచి ఎర్రబస్సులో వచ్చి మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లో దిగేవారిలో చాలామందికి హైదరాబాద్ అంటే ఈ రెండే. రోగమొస్తే ఒక గట్టు, వ్యాజ్యమొస్తే మరొక గట్టు.

ఈ రెండు గట్లనూ కలిపింది వంతెన ఒక్కటే కాదు. గోడకు పట్టిన చెమ్మ కూడా కలిపింది. ఆస్పత్రి పైకప్పులో మొదలైన ఉరుపు, సకాలంలో ఆపే నాథుడు లేక, చివరకు నది దాటి హైకోర్టు మెట్లెక్కింది. మధ్యలో పాత భవనానికి తాళం పడింది. ఆ భవనంలోని వార్డులు పోయాయి. నష్టపోయింది ఎవరంటే, ప్రైవేటు ఆస్పత్రి గడప తొక్కే స్తోమత లేని పల్లె రోగి.

గోడకు బూజు పట్టడం చిన్న విషయమని అందరూ అనుకోవడం పరిపాటి. పండుగకు సున్నం కొడితే సరిపోతుందనుకుంటారు. అది చిన్న విషయం కాదని, ఆరోగ్యానికీ చట్టానికీ సంబంధించిన వ్యవహారమని నయాపూల్ దగ్గరి ఈ భవనం కళ్లకు కట్టినట్టు చూపుతోంది.

వరద తర్వాత పుట్టిన ఆస్పత్రి

1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద గురించి పాతకాలం వారు కథలుగా చెబుతారు. వేల ప్రాణాలు పోయాయి. నది ఒడ్డున వున్న అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి ఆ వరదలో దెబ్బతిని పోయింది. ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టును ఇప్పటికీ జనం వెళ్లి చూసి వస్తుంటారు.

ఆ తర్వాత ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ హయాంలో కొత్త ఆస్పత్రికి పూనుకున్నారు. విన్సెంట్ ఎష్ అనే ఆంగ్లేయ శిల్పి నమూనా గీశారు. 1925 నాటికి భవనం సిద్ధమైంది. ఎత్తయిన పైకప్పులు, వెడల్పాటి వరండాలు, గాలి ఆడే పెద్ద కిటికీలు. అప్పటి వైద్యంలో ఇన్ని మందులు లేవు. గాలి, వెలుతురులే సగం మందు అని నమ్మిన రోజులవి. అంటే గోడకు చెమ్మ నిలవకుండా కట్టిన భవనమే అది.

ఆనాటి కట్టడాలలో ఇటుకకూ రాతికీ మధ్య డంగు సున్నం వాడేవారు. సున్నపు గోడ చెమ్మను పీల్చుకుంటుంది, ఎండకు మళ్లీ వదిలేస్తుంది. కానీ దానికి రెండు నియమాలున్నాయి. పైకప్పు మీద నీరు నిలవకూడదు. గోడపై పూత కూడా గాలి ఆడే సున్నమే కావాలి. పైన సిమెంటు పూత పూస్తే లోపలికి వెళ్లిన నీరు బయటకు వచ్చే దారి మూసుకుపోతుంది. గోడ లోలోపల నానుతుంది. పెచ్చులు వుబ్బుతాయి, రాలతాయి. పరనాళంలో ఆకులు అడ్డుపడితే మిద్దె మీద చెరువు తయారవుతుంది. పిట్టలు వేసిన రావిగింజ పగులులో మొలిచి వేళ్లు దించితే ఆ పగులు నీటికి రాచబాట అవుతుంది.

పాత భవనాలన్నిటికీ ఇదే జబ్బు. దీనికి పెద్ద శాస్త్రం అక్కర్లేదు. ఏటా మృగశిర కార్తెకు ముందు నలుగురు మనుషులు మిద్దె ఎక్కి తూములు శుభ్రం చేసి, మొక్కలు పీకి, పగుళ్లు పూడిస్తే చాలు. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటే ఈ చిన్న పని ఏళ్ల తరబడి చేయకపోవడమే.

తాళం పడిన రోజు

ఉస్మానియా పాత భవనంలో పెచ్చులు ఊడిపడుతున్నాయన్న వార్తలు ఎన్నో ఏళ్లు పత్రికల్లో వచ్చాయి. 2015 జులైలో అప్పటి ముఖ్యమంత్రి కె.చంద్రశేఖరరావు ఆస్పత్రిని చూసి, పాత భవనం కూల్చి దాని స్థానంలో కొత్తవి కట్టాలన్నారు. దీనిపై నిరసన వచ్చింది. మరమ్మతు చేస్తే భవనం నిలుస్తుందని వారసత్వ కట్టడాల పరిరక్షణకు పనిచేసే ఇన్‌టాక్ సంస్థ వాదించింది. కూల్చాలా, నిలపాలా అన్న వాదన సాగింది. ఆ వాదన తేలేలోగా వానలు మాత్రం ఆగలేదు.

2020 జులై మధ్యలో కురిసిన వానకు మురికినీరు వార్డుల్లోకి వచ్చింది. కరోనా కాలం. రోగులు మంచాల మీద, కింద మోకాలి కింది దాకా నీళ్లు. ఆ దృశ్యాలు దేశమంతా చూశారు. ఆ నెలాఖరుకే పాత భవనాన్ని ఖాళీ చేయించి తాళం వేశారు. అందులోని రోగులను ఆవరణలోనే వున్న కులీకుతుబ్‌షా భవనంలోనూ, ఓపీ భవనంలోనూ సర్దారు. మూడు భవనాల్లో వుండవలసినవారు రెండింట్లో ఇరుక్కోవలసి వచ్చింది.

వ్యవహారం హైకోర్టుకు చేరింది. భవనాన్ని కాపాడాలని కొందరు, కూల్చి కొత్త ఆస్పత్రి కట్టాలని కొందరు పిటిషన్లు వేశారు. ఐఐటీ హైదరాబాద్ నిపుణులతో కూడిన సంఘం భవనాన్ని పరిశీలించి, ప్రస్తుత స్థితిలో అది ఆస్పత్రికి పనికిరాదని అభిప్రాయపడింది. పాతదాన్ని తొలగించి కొత్తది కడతామని 2023 జులైలో ప్రభుత్వం కోర్టుకు తెలిపింది. ప్రభుత్వం మారాక ఆలోచన కూడా మారింది. 2025 జనవరి 31న ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి గోషామహల్ పోలీసు మైదానంలో 2,000 పడకల కొత్త ఉస్మానియాకు శంకుస్థాపన చేశారు.

లెక్క చూస్తే తాళం పడిన నాటికీ, కొత్త దానికి పునాదిరాయి పడిన నాటికీ మధ్య నాలుగున్నర ఏళ్లు. కూల్చాలన్న ప్రకటన నుంచి లెక్కిస్తే తొమ్మిదిన్నర ఏళ్లు. ఎవరి వాదనలో న్యాయం ఎంత వుందన్నది వేరే మాట. ఈ కాలమంతా మంచం కోసం వేచివున్న రోగికి ఎవరు జవాబు చెబుతారన్నదే ప్రశ్న.

బూజు అంటే ఏమిటి

ఇక్కడ బూజు అంటే సాలెగూడు కాదు. తడిసిన రొట్టె మీద, పాతపడిన పచ్చడి మీద, వానకాలం చెప్పుల మీద నల్లగానో పచ్చగానో నూగులా పట్టేది. ఇది శిలీంధ్ర జాతి. దీని విత్తనాల వంటి రేణువులు కంటికి కనబడవు. గాలిలో ఎప్పుడూ, ప్రతి ఇంట్లోనూ వుంటాయి. తడి తగిలితేనే మొలుస్తాయి. తడిసిన గోడ, బట్ట, అట్ట, చెక్క ఒకటి రెండు రోజుల్లో ఆరకపోతే బూజు మొలవడం ఆరంభిస్తుంది. కనుక బూజును చంపడం కన్నా తడిని ఆపడం ముఖ్యం.

తడి నాలుగు దారుల్లో వస్తుంది. మిద్దె కురవడం ఒకటి. నేలలోని నీరు పునాది గుండా గోడకు ఎగబాకడం రెండు. నల్లా గొట్టమో మోరీయో కారడం మూడు. గాలి ఆడని గదిలో వంట ఆవిరి, స్నానపు ఆవిరి, తడిబట్టల చెమ్మ గోడకు పట్టడం నాలుగు. గోడపై మచ్చ ఎక్కడుందో చూస్తే దారి తెలుస్తుంది. పైనుంచి దిగితే కప్పుది. కింద మోకాలెత్తు వరకు వుంటే నేలది. ఒకేచోట గుండ్రంగా వుంటే గొట్టానిది. మూలల్లో, బీరువా వెనకాల వుంటే గాలి లేకపోవడానిది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇళ్లలోని చెమ్మ, బూజులపై మార్గదర్శకాలు వెలువరించింది. చెమ్మ ఇళ్లలో వుండేవారికి దగ్గు, పిల్లికూతలు, ఉబ్బసం, శ్వాసకోశ జబ్బులు ఎక్కువగా వస్తాయని అందులో తేల్చింది. ఇంత బూజు వరకు ఫరవాలేదన్న హద్దును మాత్రం అది గీయలేదు. చెమ్మను రాకుండా చూడటం, వస్తే తొలగించడం, ఇదే మార్గమని చెప్పింది.

అందరికీ ఒకే తీరున హాని జరగదు. గట్టి మనిషికి తుమ్ములు, కళ్ల మంటతో పోవచ్చు. చంటిపిల్లలు, ముసలివారు, దమ్ము వున్నవారు ఎక్కువ బాధపడతారు. పూర్వం క్షయ వచ్చి నయమైనవారి ఊపిరితిత్తుల్లో గుంటలు మిగిలివుంటే, ఆ గుంటల్లో బూజు ముద్దగా పెరిగే ప్రమాదం వుంది. అలాంటి వారికి దగ్గులో రక్తం పడితే క్షయ తిరగబెట్టిందని తామే అనుకుని మందులు మింగరాదు. డాక్టరుకు చూపించి ఎక్స్‌రే తీయించుకోవాలి. క్యాన్సర్ మందులు వాడేవారు, కిడ్నీ, కాలేయం మార్పిడి అయినవారు మరీ సున్నితం. వారి ఒంట్లో రోగాన్ని ఎదిరించే శక్తి తగ్గివుంటుంది. ఇలాంటి రోగులంతా ఒకచోట చేరేది ఆస్పత్రిలోనే. కాబట్టి ఇంటి గోడ చెమ్మ కన్నా ఆస్పత్రి గోడ చెమ్మ ఎక్కువ ప్రమాదకరం.

నల్ల మచ్చ, బ్లాక్ ఫంగస్ ఒకటి కాదు

2021 వేసవిలో కరోనా రెండో విడత తర్వాత బ్లాక్ ఫంగస్ పేరు ఊరూరా మారుమోగింది. ఆ ఏడాది మే నెలలో తెలంగాణ ప్రభుత్వం దానిని తప్పక తెలియజేయవలసిన జబ్బుగా ప్రకటించింది. నయాపూల్‌కు దగ్గరలోని కోఠి ఇ.ఎన్.టి. ఆస్పత్రి ఆ రోగులతో నిండిపోయింది. అప్పటి నుంచి గోడమీద నల్ల మచ్చ కనిపిస్తే చాలు, అదే జబ్బని భయపడేవారు పల్లెల్లో వున్నారు.

ఈ భయం సరికాదు. ఆ జబ్బును తెచ్చే శిలీంధ్రం మట్టిలో, కుళ్లిన ఆకుల్లో, పెంటలో వుంటుంది. గోడ మీద నల్లగా కనిపించేది చాలావరకు వేరే జాతి. చక్కెర జబ్బు అదుపులో లేనివారికి, స్టెరాయిడ్లు ఎక్కువగా వాడినవారికి బ్లాక్ ఫంగస్ ముప్పు హెచ్చు. అది మనిషి నుంచి మనిషికి అంటదు. రోగి ముక్కులో, అంగిట్లో చచ్చిన కండ నల్లబడుతుంది కనుక ఆ పేరు వచ్చింది. అలాగని గోడ బూజును తేలికగా తీసుకోరాదు. అది తెచ్చేది నెమ్మదిగా తినే దగ్గు, దమ్ము. ఇవి వార్తలకెక్కవు, కానీ కూలిపని చేసుకునేవాడి రోజుకూలీని మింగుతాయి.

కూల్చడంలోనూ ముప్పు

పాత గోడను పగలగొడితే బూజు పోతుందనుకోవడం మరో పొరపాటు. ఏళ్లుగా నానిన గోడను కదిలిస్తే దానిలోని రేణువులు దుమ్ముతో పాటు లేస్తాయి. ఆస్పత్రుల్లో కట్టడాలు, కూల్చివేతలు సాగేటప్పుడు బలహీనమైన రోగులకు బూజు న్యుమోనియా వచ్చిన సంఘటనలు పలు దేశాల్లో వైద్యులు నమోదు చేశారు. అందుకే పనిచేసే చోటును తెరలతో మూసి, నీళ్లు చల్లి దుమ్ము అణచి, బలహీన రోగులను దూరంగా వుంచాలన్నది ఆస్పత్రుల నియమం. పాత భవనాన్ని రేపు మరమ్మతు చేసినా, తొలగించినా పక్క భవనాల్లోని రోగులను దృష్టిలో వుంచుకోవలసి వుంటుంది. పని చేసే కూలీలకు కూడా ముక్కు, నోటికి సరైన మాస్కు ఇప్పించాలి. వారు కూడా పల్లెల నుంచి వలస వచ్చినవారే.

చట్టం ఏమంటుంది

మన దేశంలో బూజుకంటూ ప్రత్యేక చట్టం లేదు. అయితే చట్టం చేతులు కట్టుకు కూర్చున్నదని కాదు.

ప్రభుత్వ ఆస్పత్రిలో సకాలంలో వైద్యం అందకపోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కుకు భంగమని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. పశ్చిమ బెంగాల్‌లో రైలు నుంచి పడి తలకు దెబ్బతగిలిన ఒక వ్యవసాయ కూలీని, మంచాలు లేవంటూ ఆస్పత్రి వెంట ఆస్పత్రి తిప్పి పంపిన కేసు అది. డబ్బు లేదన్న సాకు ఇలాంటి బాధ్యత నుంచి ప్రభుత్వాన్ని తప్పించదని కోర్టు స్పష్టం చేసింది. ఉస్మానియాలో మంచం దొరకని ప్రతి పల్లె రోగికీ ఈ తీర్పు వర్తించేదే.

అంతకు ముందే 1980లో మధ్యప్రదేశ్‌లోని రత్లాం పట్టణం కేసులో కూడా సుప్రీంకోర్టు ఇలాగే చెప్పింది. వీధిలో మురుగు నిలుస్తోందని జనం మొర పెట్టుకుంటే పురపాలక సంఘం నిధులు లేవన్నది. ఆ మాట చెల్లదని, మురుగు తొలగించి తీరాలని జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు చెప్పారు. జనం ఆశ్రయించిన చట్టం అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 133వ సెక్షన్. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 152వ సెక్షన్‌గా వుంది. కూలిపోయే స్థితిలోని కట్టడం, దారికి అడ్డంగా వుండి జనారోగ్యానికి హాని చేసే మురుగు వంటివాటిపై కలెక్టరుకో, ఆర్డీవోకో అర్జీ పెట్టుకోవచ్చు. బాగు చేయమని, తొలగించమని ఆదేశించే అధికారం వారికి వుంది. వకీలు లేకుండానే అర్జీ ఇవ్వవచ్చు.

నగర పరిధిలో అయితే 1955 నాటి మునిసిపల్ కార్పొరేషన్ చట్టం 456వ సెక్షన్ కింద శిథిల కట్టడాల యజమానులకు కమిషనర్ నోటీసు ఇస్తారు. ఏటా వానకాలం ముందు పాతబస్తీలో ఈ నోటీసులు అంటించడం చూస్తున్నదే. నోటీసు అంటించడంతో పని పూర్తయిందనుకోవడమే చిక్కు. అందులో అద్దెకున్నవాడు ఎక్కడికి పోవాలో నోటీసులో రాయరు.

వారసత్వ కట్టడాల సంగతి వేరు. ఎర్రమంజిల్ భవనాన్ని కూల్చి అసెంబ్లీ కట్టాలన్న మంత్రివర్గ నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టివేసింది. కనుక పాత కట్టడాన్ని పాడుపెట్టి, ఆనక పాడయిందని కూల్చే దారి అంత సులువు కాదు. పాడు కాకుండా చూసుకోవడమే చౌక.

అద్దె గదుల సంగతి

పల్లె విడిచి వచ్చి నగరంలో కూలి చేసుకునే పిల్లలు, చదువుకునే పిల్లలు ఎందరో ఇరుకు గదుల్లో వుంటున్నారు. కిటికీ లేని గది, పైన కారే గొట్టం, గోడకు నల్ల మచ్చ. 2020 అక్టోబరు 13, 14 తేదీల్లో కురిసిన కుండపోతకు పాతబస్తీ కాలనీలు ఎన్నో రోజులు నీటిలో వున్నాయి. బాధిత కుటుంబాలకు ప్రభుత్వం 10 వేల రూపాయల చొప్పున సాయం ప్రకటించింది. నీళ్లు పోయాక కూడా గోడలు ఆరడానికి వారాలు పట్టింది. ఆ చెమ్మలోనే వండుకుని, ఆ చెమ్మలోనే పడుకున్నారు. వరద నష్టం లెక్కలో పోయిన సామాన్లు చేరతాయి, గోడలోని చెమ్మ చేరదు.

అద్దెదారుకు ఒక చిన్న హక్కు వుంది. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 108వ సెక్షన్ ప్రకారం, యజమాని చేయించవలసిన మరమ్మతును నోటీసు ఇచ్చాక కూడా సహేతుకమైన గడువులో చేయించకపోతే, అద్దెదారు తానే చేయించుకుని ఆ ఖర్చు అద్దెలో మినహాయించుకోవచ్చు. ఏ మరమ్మతు ఎవరిదో ఒప్పందంలో రాసుకోవడం మంచిది. నోటిమాటగా చెప్పక కాగితం మీద రాసి, ఒక నకలు దగ్గర వుంచుకోవాలి. ఫోటో తీసి వుంచుకోవాలి. మేస్త్రీకి ఇచ్చిన డబ్బుకు రసీదు తీసుకోవాలి. కొత్తగా ఫ్లాటు కొన్నవారికి 2016 నాటి రేరా చట్టం అండగా వుంది. స్వాధీనం చేసిన ఐదేళ్లలోపు కట్టుబడిలో లోపం బయటపడితే, తెలియజేసిన 30 రోజుల్లో బిల్డరు సొంత ఖర్చుతో సరిచేయాలి. ఆ చట్టం పరిధిలోకి వచ్చే కట్టడాలకే ఇది వర్తిస్తుంది.

బీమా మీద ఆశ పెట్టుకునేవారు కాగితం చదువుకోవాలి. వరద, తుపాను వల్ల ఒక్కసారి జరిగే నష్టానికి గృహబీమా ఇస్తారు. ఏళ్ల తరబడి ఊరిన చెమ్మకు సాధారణంగా ఇవ్వరు. నిర్లక్ష్యానికి బీమా లేదు.

ఈ విషయంలో బ్రిటన్ అనుభవం గమనార్హం. అక్కడి రాచ్‌డేల్ పట్టణంలో ఒక అద్దె ఇంట్లో బూజు వుందని ఆ కుటుంబం 2017లోనే మొర పెట్టుకుంది. ఎవరూ పట్టించుకోలేదు. 2020 డిసెంబరులో ఆ ఇంట్లోని రెండేళ్ల బాలుడు అవాబ్ ఇషాక్ కన్నుమూశాడు. బూజులో చాలాకాలం వుండటమే కారణమని 2022 నవంబరులో విచారణాధికారి తేల్చారు. ఆ తర్వాత చట్టం వచ్చింది. 2025 అక్టోబరు 27 నుంచి అక్కడి సామాజిక గృహ సంస్థలు, హాని చేసే స్థాయి బూజుపై ఫిర్యాదు వస్తే పది పనిదినాల్లో విచారించాలి. అత్యవసరమైతే 24 గంటల్లో సరిచేయాలి. ఆ చట్టానికి పిల్లవాడి పేరే జనం పెట్టుకున్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయినా, గడువు అంటూ ఒకటి పెట్టడం మెచ్చదగ్గది. మన దగ్గర లేనిది ఆ గడువే.

ఊళ్లో చూడవలసినవి

ఇదంతా నగరం గొడవ అని పల్లెవాసులు అనుకోరాదు. ఉరిసే బడిగది, గోడ నానిన అంగన్‌వాడీ, ఆరోగ్య ఉపకేంద్రంలో చెమ్మకు తడిసే మందుల పెట్టెలు ఊళ్లకు కొత్త కాదు. పసిపిల్లలు గోడకు ఆనుకుని కూర్చునేది అక్కడే. అక్కడి తూముల్లో ఆకులు తీయడానికి నయాపూల్ దాకా రావలసిన పని లేదు.

వానలకు ముందు గ్రామసభలో అడగవలసిన ప్రశ్నలు మూడే. మిద్దె ఎవరు ఎక్కి చూశారు? ఏ తేదీన చూశారు? ఏం చేశారు? జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టుకోవచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మరమ్మతుకు వచ్చిన నిధులెన్ని, ఖర్చయినవెన్ని అన్న ప్రశ్న కాగితం మీద పడితే చాలా తూములు వాటంతట అవే శుభ్రపడతాయి.

సొంత ఇంట్లో చేసుకోదగిన పనులు కూడా తేలికే. ముందు నీటి దారి కట్టాలి. ఆ తర్వాతే గోడ కడగాలి. గట్టి గచ్చు మీద, రంగు గోడ మీద బూజును సబ్బునీళ్లతో రుద్ది, పూర్తిగా ఆరనివ్వాలి. పొడిగా గీకరాదు, రేణువులు లేస్తాయి. ముక్కుకు, నోటికి మాస్కు కట్టుకోవాలి, కిటికీలు తెరవాలి, పిల్లలను బయటికి పంపాలి. బ్లీచింగ్ వాడితే దానిలో మరుగుదొడ్డి కడిగే ఆసిడ్ కలపరాదు. రెండూ కలిస్తే ప్రాణం తీసే విషవాయువు పుడుతుంది. నాని బూజు పట్టిన పరుపు, బొంత ఎండబెట్టినా బాగుపడవు, పారేయడమే మేలు. బూజు మీద రంగు వేయడం పుండు మీద కట్టు కట్టి మందు మరచినట్టే. మంచాన్ని, బియ్యం బస్తాలను గోడకు జానెడు దూరం జరపాలి. ఇంటి చుట్టూ వాన నీరు పునాది దగ్గర నిలవకుండా వాలు చేసుకోవాలి. పాత మట్టిగోడకు, సున్నపు గోడకు సిమెంటు పూత పూసే ముందు తెలిసిన మేస్త్రీని అడగాలి.

దగ్గు రెండు వారాలు మించి వుంటే గోడ బూజువల్లే అని తేల్చేసుకోరాదు. ముందు క్షయ పరీక్ష చేయించుకోవాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అది ఉచితం.

గుత్తేదారు కాదు, బాధ్యుడు కావాలి

గోషామహల్‌లో కొత్త ఆస్పత్రి లేస్తే సంతోషమే. 2,000 మంచాలు వస్తే పల్లెలకు అంతకన్నా కావలసింది లేదు. అయితే కొత్త భవనానికి కూడా మిద్దె వుంటుంది, తూములుంటాయి, వానలుంటాయి. శంకుస్థాపనకు ముఖ్యమంత్రి వస్తారు. ప్రారంభోత్సవానికి మంత్రులు వస్తారు. తూములోని ఆకులు తీసే రోజున ఎవరు వస్తారు? ఆ పని పేరున బడ్జెటులో ఒక పద్దు, ఆ పనికి పేరు గల ఒక అధికారి, ఏటా జూన్‌కు ముందు గోడకు అంటించే ఒక తనిఖీ కాగితం - ఈ మూడూ లేనిదే కొత్త గోడ పాతబడటానికి ఎంతోకాలం పట్టదు.

మూసీ కూడా తన ఉనికిని మరువనివ్వదు. 2025 సెప్టెంబరు 26 రాత్రి జంట జలాశయాల గేట్లు ఎత్తితే నది పొంగి, నయాపూల్‌కు కూతవేటు దూరంలోని మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి నీళ్లు వచ్చాయి. పండుగకు ఊళ్లకు బయల్దేరిన ప్రయాణికులను తాళ్ల సాయంతో బయటికి తీసుకురావలసి వచ్చింది. 1908 కథ ముగిసిపోలేదని ఆ రాత్రి గుర్తు చేసింది.

ఆనాటి వరదలో జనాన్ని కాపాడిన చింతచెట్టు వందేళ్లు దాటినా నిలిచే వుంది. ఆ వరద తర్వాత రోగుల కోసం కట్టిన భవనం మాత్రం వందేళ్లు నిండకముందే తాళం చూసింది. భవనం పాడయింది వరదవల్ల కాదు. బొట్టుబొట్టుగా కారిన నీటిని, ఏటేటా వాయిదా వేసిన మరమ్మతును ఎవరూ తమదిగా చేసుకోకపోవడం వల్ల. ఇప్పటికైనా మరమ్మతు బాధ్యత ఎవరిదో పేరు పెట్టి, తేదీ పెట్టి, గోడ మీద రాయాలని పల్లె ప్రజలు అడగవలసి వుంది. ఆ రాత గోడ మీద వుంటే, బూజుకు అక్కడ చోటుండదు.